సీ ప్రోగ్రాంలో వార్నింగులు: టైప్ కాస్ట్ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట రాసిన ఒక సీ ప్రోగ్రాం బాధ్యత ఇటీవల నాకు అప్పగించారు. జీసీసీ అనే కంపైలర్‌లో (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) ఎక్కువ వార్నింగులు చూపే ‘డబ్ల్యూఆల్’, ‘డబ్ల్యూఎక్స్‌ట్రా’ ఆప్షన్లతో కంపైల్ చేస్తే వందలకొద్దీ వార్నింగులు వస్తున్నాయి, ప్రోగ్రాం మాత్రం నడుస్తూనే ఉంది. వార్నింగ్ వచ్చిన ప్రతిచోటా టైప్ కాస్ట్ (ఒక విలువను మరో రకంగా చూడమని కంపైలర్‌కు చెప్పడం) పెడితే పోతాయని సహోద్యోగి ఒకరు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకండి. కాస్ట్ వల్ల చాలాసార్లు వార్నింగ్ పోతుంది గానీ తప్పు అక్కడే ఉంటుంది. పైగా తరువాత చదివేవారికి అది ఎవరో ఆలోచించి రాసిన కోడ్‌లా కనిపిస్తుంది.

ముందుగా, డిక్లేర్ చేయని (అంటే దాని రూపం కంపైలర్‌కు ముందుగా చెప్పని) ఫంక్షన్‌ను పిలిచారని చెప్పే వార్నింగులు చూడండి. డిక్లరేషన్ కనబడకపోతే ఆ ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) విలువను తిరిగిస్తుందని పాత నియమం ప్రకారం కంపైలర్ అనుకుంటుంది. మరో ఫైలులో మీరే రాసుకున్న ఫంక్షన్ నిజానికి పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) తిరిగిస్తుంటే, 64 బిట్ల యంత్రంలో ఆ చిరునామా 32 బిట్ల ఇంట్‌లోకి కుదించుకుపోయి పై సగం పోతుంది, కాస్ట్ పెట్టినంత మాత్రాన ఆ సగం తిరిగి రాదు. ఆ డిక్లరేషన్ ఉన్న హెడర్ ఫైలు చేర్చడమే దీనికి మార్గం. 1999 నాటి సీ ప్రమాణంలోనే ఈ నియమాన్ని తొలగించారు. 2024లో వచ్చిన జీసీసీ 14 దీన్ని వార్నింగ్‌గా వదలక ఎర్రర్‌గానే చూపుతుంది.

సైన్డ్ (రుణ సంఖ్యలు కూడా పట్టే), అన్‌సైన్డ్ (అవి పట్టని) విలువలను పోల్చారనే వార్నింగులే మీకు ఎక్కువగా వస్తుండవచ్చు. చదివిన బైట్ల సంఖ్యనో, విఫలమైతే మైనస్ ఒకటినో ఇచ్చే ఫంక్షన్ ఫలితాన్ని సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది, అన్‌సైన్డ్ రకం) విలువతో పోల్చారనుకుందాం. పోల్చేముందు ఆ మైనస్ ఒకటి అన్‌సైన్డ్‌గా మారి అతిపెద్ద సంఖ్య అవుతుంది కనుక, ‘తక్కువ చదివితే ఆగు’ అన్న షరతు విఫలమైన సందర్భంలోనే పనిచేయదు. ఇక్కడ కాస్ట్ పెడితే ఆ తప్పునే ఖాయం చేసినట్లవుతుంది. ఫలితం సున్నా కంటే తక్కువేమో ముందు విడిగా పరీక్షించి, ఆ తరువాతి పోలికలో కాస్ట్ పెడితే అది సబబే. అంటే కాస్ట్ నిషిద్ధం కాదు, దానికి ముందు ఒక పరీక్ష ఉండాలి.

విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడారన్న వార్నింగుకు చాలామంది డిక్లరేషన్ దగ్గరే సున్నా పెట్టి ఊరుకుంటారు. ఏ దారిలో విలువ అందడం లేదో వెతకకుండా సున్నా పెడితే, ఆ దారిలో ప్రోగ్రాం ఇకపై నిశ్శబ్దంగా తప్పు లెక్క చేస్తుంది. ఇలాంటి ఫిర్యాదును మూలం అర్థం చేసుకోకుండా మాన్పించబోతే ఏమవుతుందో డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఉదంతం చూపింది. అది కంపైలర్ వార్నింగ్ కాదు, వాల్‌గ్రైండ్ అనే తనిఖీ సాధనం చేసిన ఫిర్యాదు. దాన్ని పోగొట్టడానికి 2006లో డెబియన్ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ)లో తీసేసిన కోడ్‌లో, యాదృచ్ఛిక సంఖ్యలకు ముడిసరుకు అందించే భాగం కూడా పోయింది. చివరికి ప్రాసెస్ సంఖ్య (నడుస్తున్న ప్రోగ్రాంకు సిస్టమ్ ఇచ్చే సంఖ్య) ఒక్కటే మిగలడంతో ఒక్కో రకం ఎన్‌క్రిప్షన్ కీకి 32,768 అవకాశాలే ఉండేవి. ఇది 2008 మే నెలలో బయటపడింది.

వాడని పారామీటర్ల వార్నింగులను చివర్లో చూసుకోండి, వాటివల్ల ప్రమాదం అరుదు. ఒక్కో రకం వార్నింగుల సవరణలను విడివిడిగా భద్రపరచండి, ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. అన్నీ తీరాక మీ యంత్రంలో వార్నింగులను ఎర్రర్లుగా మార్చే ‘డబ్ల్యూఎర్రర్’ పెట్టుకోవచ్చు. ఇతరులకిచ్చే సోర్సులో మాత్రం అది వద్దు, ఎందుకంటే కంపైలర్ కొత్త వెర్షన్ కొత్త వార్నింగ్ ఇచ్చిన రోజున వారి దగ్గర బిల్డ్ ఆగిపోతుంది.