స్టీల్‌బుక్‌కి తుప్పు పడితే?

ప్రశ్న: పన్నెండు స్టీల్‌బుక్ సినిమా సెట్లు (సినిమా డిస్కులుండే, పోస్టరు అచ్చేసిన రేకు డబ్బాలు) కూడబెట్టాను. వానలు మొదలయ్యాక రెండింటికి మడత దగ్గర గోధుమరంగు చుక్కలొచ్చాయి. బీరువాలో కలరా ఉండలు వేశాను. అంచులకు నూనె రాయమంటారా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ కలరా ఉండలు తీసేయండి. తుప్పును అవి ఆపవు సరికదా, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. మీ డిస్కుల ట్రే ఏ రకమో చూసి చెప్పలేం.

పేరుకు స్టీలే గానీ ఇది వంటింటి స్టెయిన్‌లెస్ కాదు. పల్చటి ఉక్కు రేకుకు తగరం పూత, ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్టు. దానిమీద ఇంకు, ఆపైన వార్నిష్. రేకు కత్తిరించిన అంచుల్లో మాత్రం ఉక్కు బయటికే ఉంటుంది. గీత లోతుగా పడ్డచోటా అంతే. గాలిలో నెమ్ము, వేళ్ల చెమటలోని ఉప్పు పట్టుకునేది అక్కడే.

చుక్కను పొడి దూదిపుల్లతో మెల్లగా రుద్ది తీయండి. గరుకు కాగితం పెడితే చుక్కతోపాటు బొమ్మా పోతుంది. నూనె వద్దు, దుమ్ము పడుతుంది, లోపలి కాగితాలకూ పాకుతుంది. రాపిడి పొడి కలవని మైనం అంచుకు పల్చగా రాస్తే చాలు. నెయిల్ పాలిష్ పూస్తారు కొందరు, అందులోని ద్రావకం ఇంకును కరిగించవచ్చు.

తర్వాత ఒక్కోదాన్నీ పాలీప్రొపిలీన్ కవరులో పెట్టండి. పీవీసీ కవరు మన ఎండలకు బొమ్మకే అతుక్కుంటుంది. అన్నింటినీ మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో నిలబెట్టి ఉంచండి. వాటిలోని నారింజరంగు గింజలు ఆకుపచ్చబడితే తడి నిండినట్టే, మార్చాలి. చిన్న తేమ మీటరు లోపల పెట్టి 50 శాతం దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: అదే పోస్టరు కాగితం మీద మామూలుగా ఉంటుంది, స్టీల్‌బుక్ రేకు మీద ఎందుకు వెలుగుతుంది?
– ఒక పాఠకురాలు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: ఇంకు కింద తెల్లరంగు లేకపోవడమే. ముద్రణ ఇంకులు పారదర్శకం. తెలుపు వేయకుండా అచ్చేస్తే కింది లోహమే ఆ రంగులోంచి మెరుస్తుంది. మంచి డిజైనరు ముఖాలకు తెలుపు వేసి కవచం, వాన, కారు దీపాలు మాత్రం వదిలేస్తాడు. అంతటా వదిలేస్తే ముఖాలు నల్లబడతాయి, అలాంటివి చాలానే వస్తున్నాయి. డబ్బాను వంచి చూడండి, తెలుపున్న చోట మెరుపు కదలదు. ఫొటో తీయాలంటే ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టండి.

ప్రశ్న: బ్రిటన్ నుంచి తెప్పించిన బ్లూ-రే సినిమా డిస్కు ఆడటం లేదు. పాడైందా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: రీజియన్ తేడా కావచ్చు, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. బ్రిటన్‌ది బి, మనది సి, అమెరికాది ఎ. డబ్బా వెనుక ఆ అక్షరం చూడండి. మరింత స్పష్టమైన బొమ్మ ఇచ్చే 4కే డిస్కులకు రీజియన్ లేదు గానీ, అదే సెట్‌లోని మామూలు బ్లూ-రేకు ఉండొచ్చు.