షేవింగ్ సబ్బు బాగా పనిచేస్తోందో లేదో దేన్ని బట్టి చెప్పాలి?

ఫోమ్ డబ్బా మానేసి బ్రష్షూ, గుండ్రటి షేవింగ్ సబ్బూ కొన్నానని, అందరూ పొగిడిన సబ్బే అయినా నురగ పలచగా వచ్చి గడ్డం సగం గీసేలోపే ఆరిపోతోందని రాశారు. తప్పు సబ్బుదేనా అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా సబ్బు, బ్రష్షు, రెండంచుల బ్లేడుతోనే గడ్డం గీసుకుంటున్నాను. నా లెక్కలో సబ్బు నాణ్యతను తేల్చేది నురగ ఎంత వచ్చిందన్నది కాదు. బ్లేడు నురగను తీసుకుపోయాక చర్మం మీద ఏం మిగిలిందన్నదే అసలు పరీక్ష. బుగ్గ మీద ఒక్కసారి రేజరు నడిపి, మళ్లీ నురగ పూయకుండా అక్కడ తడి వేలితో రాసి చూడండి. వేలు జారిపోతే సబ్బు మంచిది. వేలు పట్టేసినట్టు ఆగితే, గిన్నె నిండా నురగ వచ్చినా ఆ సబ్బు బలహీనమే. దవడ కింద, గొంతు దగ్గర ఒక్క గీతతో పని అవ్వదు, మనకు తెలియకుండానే అదే చోట మళ్లీ గీస్తాం. కోతలు, మంట ఎక్కువగా వచ్చేది ఆ రెండో గీతకే. అప్పుడు కాపాడేది ఆ మిగిలిన జారుడే.

పెద్ద బుడగలు చూసి మోసపోకండి. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం వల్ల నురగ చకచకా, బోలెడంత వస్తుంది, అంతే త్వరగా విరిగిపోతుంది, చర్మాన్ని పొడిబారుస్తుంది కూడా. నిలిచే నురగ స్టియరిక్ ఆమ్లం నుంచి వస్తుంది. స్నానం సబ్బు మామూలుగా సోడియం క్షారంతో చేస్తారు కాబట్టి గట్టిగా ఉంటుంది, నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది. షేవింగ్ సబ్బులో పొటాషియం క్షారం కూడా వాడతారు. అందుకే అది మెత్తగా ఉండి బ్రష్షుకు తేలిగ్గా ఎక్కుతుంది, ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది. డబ్బా వెనక పదార్థాల పట్టీలో స్టియరిక్ యాసిడ్, పొటాషియం స్టియరేట్, గ్లిజరిన్ లాంటివి ముందు వరుసలో ఉంటే నాకు సగం నమ్మకం కుదురుతుంది. టాలోవేట్ అని ఉంటే అది జంతువుల కొవ్వు. పాత తరహా సబ్బులు కొన్నిట్లో అది ఉంటుంది. పని బాగానే చేస్తుంది కానీ, పట్టింపు ఉన్నవాళ్లు కొనేముందే చూసుకోవాలి.

ఇక మీ సంగతి. సబ్బును అనుమానించే ముందు నీళ్లను అనుమానించండి. మీది బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో రాయలేదు. బకెట్టుకు తెల్లటి చారలు, గీజరు రాడ్డుకు గార పడుతుంటే అవి కఠిన జలాలే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం స్టియరిక్ ఆమ్లాన్ని పట్టుకుని తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి, నురగ కావాల్సిన సబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. పై అంచున ఉన్న నీళ్లు తాగడానికి పనికొచ్చినా, షేవింగ్ సబ్బుకు పెద్ద పరీక్షే. కాచితే పోతుందిలే అనుకోవద్దు, కాచినప్పుడు కొన్ని రకాల కాఠిన్యమే పోతుంది. హైదరాబాద్‌లో నేను అద్దెకున్న ఒక ఇంట్లో బోరు నీళ్లతో పేలవంగా ఉన్న సబ్బే, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు వాడగానే వేరే సబ్బులా అనిపించింది. షేవింగుకు కావాల్సింది ఒక గ్లాసుడు నీళ్లే. బ్రష్షు తడపడం దగ్గర్నుంచి అన్నిటికీ అవే వాడి చూడండి.

రెండోది, సబ్బు చాలినంత ఎక్కించుకోకపోవడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు బ్రష్షును సబ్బు మీద నాలుగు తిప్పులు తిప్పి ఆపేస్తారు. నీళ్లు బాగా దులిపేసిన బ్రష్షుతో అర నిమిషం పైనే తిప్పాలి, కుచ్చు మొదట్లో చిక్కటి ముద్ద పట్టుకోవాలి. ఆ తర్వాత ముఖం మీద గానీ గిన్నెలో గానీ చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ పోండి. బుడగలు కంటికి కనబడకుండా పోయి, నురగ చిలికిన పెరుగులా మెరిసినప్పుడు ఆపండి. మెరుపు లేకుండా పిండిలా ఉంటే నీళ్లు తక్కువ, జారి కారిపోతుంటే ఎక్కువ. ఆ నురగను ఒక గిన్నెలో ఐదు నిమిషాలు వదిలేయండి. మంచి సబ్బు నురగ కుంగదు, అంచుల్లో నీళ్లు వదలదు.

రెండు సబ్బులను పోల్చాలంటే బ్లేడు, బ్రష్షు, నీళ్లు ఒకటే ఉండాలి. ఒకే రోజు ఎడమ బుగ్గకు ఒకటి, కుడి బుగ్గకు ఒకటి పూయడం నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి. రెండు రోజుల తర్వాత వైపులు మార్చండి, ఎందుకంటే మన చెయ్యి రెండు వైపులా ఒకేలా నడవదు. కొత్త బ్లేడు వేసిన రోజు ఏ సబ్బైనా బాగుందనిపిస్తుంది, ఆ రోజు ఏదీ తేల్చకండి. వాసనకు మార్కులు వేయొద్దు. వెంట్రుకను మెత్తబరిచినందుకూ సబ్బును మరీ మెచ్చుకోనక్కర్లేదు, ఆ పని ఎక్కువగా చేసేది నీళ్లే. ముఖం కడిగి రెండు మూడు నిమిషాలు తడిగా ఉంచితే సగం పని అయిపోతుంది.

చివరికి పటిక రాయి. చన్నీళ్లతో కడుక్కున్నాక తడి ముఖం మీద పటిక రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ బ్లేడు చర్మాన్ని గీకిందన్నమాట. రోజూ గొంతు దగ్గరే మండుతుంటే అది మీ చెయ్యి తీరు, ముఖమంతా సమానంగా మండుతుంటే జారుడు చాలలేదని అర్థం. సబ్బు ఏదైనా క్షారమే, పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది కాబట్టి గీసుకున్న వెంటనే కాస్త బిగిసినట్టు ఉండటం సహజం. గంట తర్వాత కూడా పొట్టు లేస్తూ, లాగుతూ ఉంటే మాత్రం అది మీ చర్మానికి పడలేదు.

క్యాన్ నీళ్లతో, సబ్బు బాగా ఎక్కించి ఒక వారం చూడండి. అప్పటికీ తడి వేలు జారకపోతే, ఎంతమంది పొగిడినా సరే, ఆ సబ్బు మార్చేయండి.