పన్నెండు కాదురా, రెండు కొను

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను, కార్ట్‌లో పన్నెండు రికార్డులు, అన్నీ ఆర్కెస్ట్రా రీఇష్యూలే, అంటే పాత రికార్డింగుల్ని మళ్ళీ కొత్తగా అచ్చేసినవే, అమ్మో. మీ అమ్మ చూసిందంటే అన్నీ మేనమామ పోలికలే అని నన్నే తిడుతుంది. ముందు ఆ కార్ట్‌లో రెండు ఉంచి మిగతావి తీసెయ్, బయట నుంచి తెప్పిస్తే కొరియరు, కస్టమ్స్ కలిపి ఎంతవుద్దో బిల్లు వచ్చాక గానీ తెలీదు.

ఏటంటే, పాత సినిమా పాటల ఎల్పీలో కాస్త చిటపటలున్నా పాట నడిచిపోద్ది, అదో అందం అనేవాళ్ళు కూడా ఉన్నారు. సింఫనీకి అలా కుదరదు. ఎనభై మంది ఒక్కసారి తగ్గిపోయి ఒక్క ఫ్లూటో వయొలినో మిగిలే చోటు ఉంటది చూడు, అక్కడ రికార్డు నోరు మూసుకుని ఉండాలి. నేను షిప్‌యార్డులో చేరిన కొత్తల్లో జగదాంబ వైపు ఓ చిన్న కొట్లో బీథోవెన్ ఆరో సింఫనీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, అందులో రెండో భాగం సెలయేరు పక్కన కూర్చున్నట్టు ఉండాలి కదా, నాకేమో పక్కింట్లో పకోడీలు వేగుతున్నట్టు వినపడేది. మీ అత్త ఇప్పటికీ ఆ రికార్డుని పకోడీ రికార్డనే అంటది.

కాబట్టి రీఇష్యూకి నువ్వు ఇచ్చే డబ్బు రెండిటికి. ఒకటి నిశ్శబ్దంగా ఉండే ప్రెస్సింగు, అంటే రికార్డు అచ్చు, రెండోది అప్పట్లో రికార్డు చేసిన టేపు. 180 గ్రాములని అట్ట మీద పెద్దక్షరాలతో వేస్తే మురిసిపోకు, బరువుకి కొనడానికి అదేమైనా వంజరమా. ఒరిజినల్ టేపు నుంచి కట్ చేశారా, అంటే గాడి చెక్కారా, ఎవరు కట్ చేశారు, అది రాసుందా లేదా చూడు. రాయలేదంటే అనుమానించు.

నీ లిస్టులో ఫ్రిట్జ్ రైనర్ అనే కండక్టరు చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన షెహరజాద్ ఉంది, 1960 రికార్డింగు, అది ఉంచు. అది ఆర్‌సీఏ కంపెనీ వాళ్ళ లివింగ్ స్టీరియో సిరీస్‌ది, దానికి అందుకే అంత పేరు, స్టీరియో ఎల్పీలు బజార్లోకి రాకముందే 1954లో రైనర్‌తో స్టీరియోలో టేపు చేసి పెట్టుకున్నారు. వాటిని కాన్సాస్‌లో ఉన్న అనలాగ్ ప్రొడక్షన్స్ వాళ్ళు 200 గ్రాముల్లో వేశారు, నా దగ్గరున్నవి మట్టుకు చప్పుడే లేవు. రెండోది కరాయన్ కండక్ట్ చేసిన మాలర్ ఐదో సింఫనీ, 1973ది. దాన్ని బెర్లిన్‌లో ఎమిల్ బెర్లినర్ స్టూడియోస్ వాళ్ళు 2023లో మళ్ళీ కట్ చేశారు, మధ్యలో ఇంకో టేపుకి దించకుండా ఒక్కో మైకు గుంపు విడివిడిగా ఉన్న అప్పటి మల్టీట్రాక్ టేపు నుంచే కట్ చేస్తూ అక్కడికక్కడే మిక్స్ చేశారు. పాత ప్రెస్సింగుకీ దీనికీ తేడా నాలాంటి సగం చెవుడు వాడికే తెలిసింది. ఇక ఎనభైల్లో డిజిటల్‌గా రికార్డు చేసినవి నాలుగు పెట్టావు, వాటికి వినైల్ మీద అంత ఎందుకు తగలెయ్యడం, సీడీ కొనుక్కో. 2022లో అమెరికాలో ఓ కంపెనీ పూర్తి అనలాగ్, అంటే టేపు నుంచి నేరుగా చేసినవి అనే నమ్మకం మీద అమ్మినవాటిలో మధ్యలో డిజిటల్‌గా మార్చిన మెట్టు ఉందని బయటపడి కేసుల దాకా వెళ్ళింది. వినడానికి బానే ఉంటాయి అవి, కోపం సౌండు మీద కాదు, చెప్పకుండా అమ్మినందుకు.

ఇంకో సంగతి. రికార్డు తిరిగే వేగం ఒకటే గానీ బయట అంచు దగ్గర సూది కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి పోతే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 పైచిలుకే. అదే శబ్దం ఇరుకులో సర్దాలి కదా, అందుకే చివర్లో కీచుమంటది. రవేల్ బొలేరో చూడు, మొదలు గుసగుస, పెద్ద మోతంతా ఆఖర్న, సరిగ్గా చోటు లేని చోట. అలాంటివి 45 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగేలా, రెండు డిస్కుల మీద వేసినవి దొరికితే తీసుకో, పది నిమిషాలకోసారి లేచి తిప్పాలి, నీకెలాగూ వాకింగ్ లేదు.

ఇవన్నీ సరే, నువ్వు ఉండేది విశాఖపట్నంరా. లాసన్స్ బే గాలికి నీ బైకు చైనే తుప్పు పట్టుద్ది, అట్టలు బూజు పట్టవా. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరు 12న, కిటికీ ఊడొచ్చి నా కింది అర మొత్తం తడిసింది, వారం కరెంటు లేదు, అట్టలు ఒకదానికొకటి అతుక్కుని పెసరట్టు దొంతర్లా అయిపోయాయి. రికార్డులు మాత్రం కడిగితే బతికాయి, వినైల్‌కి నీళ్ళతో పేచీ లేదు. అప్పట్నుంచీ కింది అర ఖాళీ, బీరువా సముద్రం వైపు గోడకి ఆనించను, రికార్డులు నిలబెట్టే ఉంచుతాను, మీద మీద పేర్చితే వంగిపోతాయి. పైకవరు పీవీసీది వద్దు, మన వేడికి రికార్డు మీద మచ్చ వేస్తది, పాలిథీన్‌ది తీసుకో. కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. కానీ తాతయ్య 78 ఆర్‌పీఎం రికార్డుల మీద ఒక్క చుక్క కూడా వెయ్యకు, అవి లక్కవి, కరిగిపోతాయి, నీతో ఇంక మాట్లాడను.

మిగిలిన డబ్బుతో మంచి సూది కొను. సూది రికార్డు మీద ఎంత బరువు మోపుతుందో చూసే గేజ్ ఒకటి కూడా. నువ్వు వాడే కార్ట్రిడ్జ్‌కి, అదే సూది బిగించే ముక్కకి, 2 గ్రాములు పెట్టమని రాసుంటే 2 గ్రాములే పెట్టు, తక్కువైతే రికార్డు అరగదనుకుంటారు, సూది గాడిలో ఎగిరెగిరి ఇంకా పాడుచేస్తది.

అన్నట్టు డెక్కా రికార్డు కంపెనీ వాళ్ళు లండన్ కింగ్స్‌వే హాల్లో చేసినవి పెట్టుకున్నప్పుడు కింద ఎక్కడో గుర్రుమని వస్తే టర్న్‌టేబుల్ పాడైందని నాకు ఫోన్ చెయ్యకు, ఆ హాలు కింద మెట్రో రైలు పోయేది.

ఆదివారం రా, నా గేజ్ ఇస్తాను, ఆ పకోడీ రికార్డు కూడా వినిపిస్తాను. వచ్చేటప్పుడు డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు పట్రా, నాది అయిపోయింది.

మీ మావయ్య