పాటలు అమ్ముడుపోని రోజుల్లో ర్యాప్ పాడి బతకొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. నేను ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. మా అబ్బాయి విజయనగరంలో బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు చదువుతున్నాడు. నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి. రెండేళ్లుగా ర్యాప్ అంటూ పాటలు రాసి యూట్యూబ్‌లో పెడుతున్నాడు. ఇప్పుడు చదువు ఆపేసి హైదరాబాద్ పోతానని, ఆల్బమ్‌కీ వీడియోకీ కలిపి మూడు లక్షలు ఇమ్మని పట్టుబట్టాడు. అది కాదంటే ఏడాది సౌండ్ ఇంజినీరింగ్ కోర్సులో చేర్చమంటాడు. క్యాసెట్లూ సీడీలే పోయాయి, ఇప్పుడు పాట ఎవరు కొంటున్నారండీ? వాడి పాటలు నేను ఒక్కటీ వినలేదు, వినాలనీ లేదు. కిందటి నెల వాడి మైకు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పట్నుంచి ఇంటికి రావడం తగ్గించేశాడు. ఆల్బమ్, కోర్సు, బీటెక్: మూడింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక చెప్తాను. ముందు మీరు ఉత్తరం చివరికి తోసేసిన సంగతి మాట్లాడుకుందాం. అబ్బాయి ఇంటికి రావడం తగ్గించేశాడన్నారు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న పైకి మారుతూ ఉంటుంది. ఒకప్పుడు సినిమా పిచ్చి అనేవారు, తర్వాత క్రికెట్, తర్వాత యూట్యూబ్, ఇప్పుడు ర్యాప్. లోపలి భయం మాత్రం ఒక్కటే: రేపు మేం లేనప్పుడు వీడు ఒకరి ముందు చెయ్యి చాపకుండా బతుకుతాడా? ఆ భయం న్యాయమైనదే. కానీ మీ వాడికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. నాలుగు సబ్జెక్టులు తప్పినంత మాత్రాన వాడి బతుకేమీ తెల్లారిపోలేదు. అంతకంటే ఎక్కువ మిగుల్చుకున్న పిల్లలు తర్వాత పాసై, ఉద్యోగాల్లో కుదురుకుని, ఇళ్లు నడుపుకుంటున్నారు. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి.

అమ్మకాల గురించి మీరన్నది నిజమే. ప్రపంచం మొత్తం మీద రికార్డు పాటల ఆదాయం 1999 తర్వాత పడిపోవడం మొదలై 2014 దాకా కోలుకోలేదు. కోలుకున్నాక కూడా సీడీల వల్ల కాదు, స్ట్రీమింగ్ వల్ల, అంటే నెట్‌లో యాప్‌ల ద్వారా నేరుగా వినడం వల్ల. ఇవాళ ఆ ఆదాయంలో మూడింట రెండొంతులకు పైగా దానిదే. మన దగ్గర 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక పాటకి డబ్బు పెట్టడమన్నదే జనం మరిచిపోయారు. వినడం మాత్రం ఏమీ తగ్గలేదు, పెరిగింది. ఈ సంగతి మీ అబ్బాయికి తెలుసు, అందుకే మీ మాట వాడికి పాతకాలపు మాటలా వినబడుతోంది. వాడికి తెలియాల్సింది ఇంకొకటి ఉంది. జనం వింటున్నంత మాత్రాన పాడినవాడి చేతికి డబ్బు రాదు.

స్పాటిఫై లాంటి యాప్‌లు పాటకి ఇంత అని లెక్కకట్టి ఇవ్వవు. చందాలూ ప్రకటనలూ కలిపి వచ్చినదాంట్లో హక్కుదారుల వాటా తీసి, మొత్తం వినికిడిలో ఎవరి పాట ఎంత శాతమో అంత పంచుతాయి. మన దేశంలో ఎక్కువమంది ఉచితంగానే వింటారు కాబట్టి పంచే మొత్తమే చిన్నది. పైగా 2024 నుంచి అక్కడ ఒక పాటని పన్నెండు నెలల్లో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ పాటకి పైసా లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. మూడు నిమిషాల పాటైతే మొదట్నుంచి చివరిదాకా 80,000 సార్లు చూడాలన్నమాట. షార్ట్స్ దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్. ఆ గీత దాటినా, మొదట్లో వచ్చేదాంతో హైదరాబాద్‌లో గది అద్దె కట్టలేడు. ఇక యాప్‌లకేమైనా నిలకడ ఉందా అంటే అదీ లేదు. టిక్‌టాక్‌ని 2020 జూన్‌లో నిషేధించారు, రెస్సో 2024 జనవరిలో మన దేశంలో మూతపడింది, అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ని ఆపేసింది. ఒక యాప్ మీద కట్టుకున్న పేరు ఆ యాప్‌తోనే పోతుంది.

'ఇండిపెండెంట్ ఆర్టిస్ట్' అన్న మాట మీద ఇప్పుడు కుర్రాళ్లకి ఉన్న మోజు చూస్తే నాకు బెంగగా ఉంటుంది. కంపెనీ అక్కర్లేదు, మనమే రాజు అని వీడియోల్లో చెప్పేవాళ్లలో చాలామందికి ఆదాయం పాటల మీద రాదు, ఆ మాటలు చెప్పి అమ్మే కోర్సుల మీద వస్తుంది. మీవాడు తప్పకుండా నిప్సీ హసల్ పేరు చెప్తాడు. లాస్ ఏంజెలెస్ ర్యాపర్ అతను. 2013లో పాటల్ని నెట్‌లో ఉచితంగా వదిలి, అవే పాటల సీడీని ఒక్కోటి 100 డాలర్లకు పెట్టి 1000 కాపీలు అమ్మాడు. జరిగిన విషయమే. కానీ అప్పటికే అతను తన పేటలో ఏళ్ల తరబడి పాడి, మనుషుల్ని సంపాదించుకుని ఉన్నాడు. కొన్నవాళ్లు సీడీ కోసం కొనలేదు, అతని కోసం కొన్నారు. మీ అబ్బాయికి ఆ వెయ్యిమంది ఎక్కడున్నారు? విజయనగరం కాలేజీల్లో, శ్రీకాకుళం, ఆమదాలవలస కుర్రాళ్లలో ఉండాలి. వాళ్లని వదిలేసి, ఎవరూ ఎరగని హైదరాబాద్‌లో మూడు లక్షల వీడియోతో మొదలుపెట్టడం తలకిందుల పని. ఆ డబ్బులో చాలాభాగం కెమెరాకి, కారు అద్దెకి, ఎడిటింగ్‌కి పోతుంది. పాట మెరుగుపడదు.

మోసాలూ ఉన్నాయి. ఇంత కడితే లక్ష స్ట్రీమ్‌లు తెప్పిస్తాం, ప్లేలిస్ట్‌లో పెట్టిస్తాం అంటారు. అవి యంత్రాలతో వినిపించేవి. స్పాటిఫై పట్టుకుంటే డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే పాటని యాప్‌లకి ఎక్కించే మధ్యవర్తికి, జరిమానా వేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ పాటనే తీసేస్తాడు. బీట్‌ల సంగతి, అంటే ర్యాప్ వెనక నడిచే వాద్య సంగీతం సంగతి, ఇంకొకటి. నెట్‌లో 'ఫ్రీ' అని పెట్టిన బీట్ చాలాసార్లు డబ్బు సంపాదించని వాడకానికే ఉచితం. లీజుకి కొన్నదానికి ఇన్నిసార్లే అని పరిమితి ఉండొచ్చు, అదే బీట్ ఇంకో పదిమంది కూడా కొని ఉండొచ్చు. పాట కాస్త నడిచేసరికి కాపీరైట్ క్లెయిమ్ పడి, వచ్చే నాలుగు రూపాయలూ బీట్ హక్కుదారుల ఖాతాలోకి పోతాయి. మీ అబ్బాయి పెట్టిన ప్రతి పాటకీ బీట్ ఎక్కడిది, లైసెన్సు కాగితం ఉందా అని అడగండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి.

మరి ర్యాపర్లు ఎలా బతుకుతున్నారు? పాట అమ్మి కాదు, పాట వల్ల వచ్చే పని చేసి. కాలేజీ ఫెస్టులు, ఊళ్లలో స్టేజీ కార్యక్రమాలు, సిరిమానోత్సవం రోజుల్లో జరిగే విజయనగరం ఉత్సవాల్లాంటి వేదికలు, కొట్ల ప్రారంభాలకి జింగిల్స్, ఎన్నికలొస్తే అభ్యర్థుల ప్రచార పాటలు, సినిమాల్లో ర్యాప్ ముక్కలు, వేరేవాళ్లకి సాహిత్యం, చిన్న స్టూడియోలో రికార్డింగ్, మిక్సింగ్. ఒక్కోటీ చిన్నదే, అన్నీ కలిస్తే సంపాదన అవుతుంది. ఏడాదంతా ఒకేలా రాదు కనక పక్కన ఇంకో ఆసరా ఉన్నవాడే నిలబడతాడు.

మన నేల మీద ఇది కొత్తేమీ కాదు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ పాట ఒకప్పుడు ఆంధ్రదేశమంతా నోటినోటా తిరిగింది. దానికోసం ఆయన జైలుకి వెళ్లారు. చివరికి 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూశారు. పార్వతీపురం వైపు వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ వందల పాటలు కట్టారు. ఉద్యోగం ఉన్నందుకు ఆయన పాటలో పదును తగ్గిందని ఎవరూ అనలేదు. మీ అబ్బాయికి నేను చెప్పాలనుకునేది ఇదే. చేతిలో తిండికి దారి ఉంటే, నచ్చని పాట రాయమన్నప్పుడు రాయనని చెప్పగలడు.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. రెండేళ్లుగా కొడుకు రాస్తుంటే ఒక్క పాట కూడా వినకుండా వాడి భవిష్యత్తు మీద తీర్పు చెప్పమని నన్ను అడుగుతున్నారు. మీ ఆఫీసుకి వచ్చిన అర్జీని చదవకుండా తిరస్కరిస్తారా? మైకుకి తాళం వేయడం చదివించే పద్ధతి కాదు. దానివల్ల వాడు ఒక్క సబ్జెక్టూ పాసవలేదు, మీకు దూరమయ్యాడు, అంతే. ఇవాళే ఆ మైకు ఇచ్చేయండి. షరతులు పెట్టకండి. ఆదివారం ఇంటికి రమ్మని, పక్కన కూర్చోబెట్టుకుని రెండు పాటలు వినండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి, ఇదేం పాటని మాత్రం అనకండి. మన యాసలో రాస్తున్నాడా, హైదరాబాద్ వాళ్లని అనుకరిస్తున్నాడా గమనించండి. మన యాసలో, మన ఊళ్ల సంగతులు రాస్తుంటే వాడి దగ్గర సరుకుంది. సినిమాల్లోనూ మన యాస రాయగలిగినవాళ్లతో పని పడుతూనే ఉంటుంది. ఈ వినడం మీకు ఖర్చులేని పని. నేను చెప్పేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే.

పోలిక క్లుప్తంగా చెప్తాను. ఆల్బమ్‌కి మూడు లక్షలు ఇవ్వకండి. అప్పు చేసి అసలే వద్దు. దానికి బదులు ఒక మాదిరి మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు కొనిస్తే హాస్టల్ గదిలోనే పాటలు రికార్డు చేసుకుంటాడు, తప్పులు చవగ్గా చేసి నేర్చుకుంటాడు. ప్రైవేటు సౌండ్ కోర్సు మీద నాకు నమ్మకం తక్కువ. లక్షల్లో ఫీజు తీసుకుని ఆఖర్న ఏదో స్టూడియోలో జీతం లేని ఇంటర్న్‌షిప్ చూపించేవి చాలా ఉన్నాయి. నిజంగా ధ్వని మీద ఇష్టం ఉంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సు ఉంది. అది ప్రభుత్వానిది. అందులో చేరాలంటే డిగ్రీ కావాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ చదివిన మీవాడికి ఫిజిక్స్ ఉంది, డిగ్రీ కోసం బీటెక్ పూర్తిచేయాలి. చదువు ఆపొద్దని మీరు చెప్తే వినడు గానీ, ఈ కారణం చెప్తే వింటాడు. ఈలోగా విజయనగరంలోనే 1919లో మొదలైన, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల ఉంది. అక్కడ మృదంగం గురించి కనుక్కోమనండి. లయ మీద పట్టు ర్యాపర్‌కి ఎంత అవసరమో వాడికి చెప్పక్కర్లేదు.

నాలుగు సబ్జెక్టుల్నీ ఒకేసారి నెత్తిన వేయకండి. ఈసారి రెండు, వచ్చేసారి రెండు. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకుండా చూసే బాధ్యత మీరు తీసుకోండి, చదవడం వాడు చూసుకుంటాడు. డిగ్రీ చేతికొచ్చాక సంగీతానికి రెండేళ్లు ఇవ్వండి, ఇంట్లో తిండి పెట్టండి. ఆ రెండేళ్లలో పాట వల్ల వచ్చిన ప్రతి రూపాయినీ వాడి చేతే ఒక పుస్తకంలో రాయించండి. ఆ తర్వాత ఏం చేయాలో మీరూ నేనూ చెప్పక్కర్లేకుండా ఆ లెక్క చూసి వాడే తేల్చుకుంటాడు.

ఇంకొక పనికి మీరే సరైనవారు. కాస్త పేరు రాగానే ఎవరో ఒకరు కాగితం పట్టుకొస్తారు, సంతకం పెట్టమంటారు. ఏళ్ల తరబడి ఫైళ్లు చదివిన మీకు కనబడే మెలిక వాడి కంటికి ఆనదు. హక్కులు ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి, ఏ వాడకానికి అన్నది చూడండి. కాలపరిమితి రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లే అవుతుంది, అందుకే 'శాశ్వతంగా' అన్న మాట ఎక్కడో ఇరికిస్తారు. పాట రాసినవాడికి దక్కాల్సిన రాయల్టీ వాటాని వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదని 2012 సవరణ చెప్తోంది. రాసిన పాటలకి ఆ వాటా వసూలు కావాలంటే ఐపీఆర్‌ఎస్‌లో, అంటే పాటల రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘంలో, సభ్యత్వం తీసుకోమనండి. ఏ కాగితమైనా మీరు ఒకసారి, ఒక వకీలు ఒకసారి చదివాకే సంతకం.