ఎండ ఉన్నా లైనులో చోటు లేదు: ఇంటి సోలార్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంటి మీద 5 కిలోవాట్ల సోలార్ ఉంది. ఉదయం బాగానే నడుస్తుంది. సరిగ్గా ఎండ ముదిరే వేళకి ఇన్వర్టర్ ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. తెర మీద 'గ్రిడ్ ఓవర్ వోల్టేజి' అని పడుతోంది. ఇన్వర్టర్ మార్చాలా?

జవాబు: వద్దు. అది పాడవలేదు, వోల్టేజి హద్దు దాటితే ఆగాలన్న నిబంధన ప్రకారమే ఆగుతోంది. ఇంట్లో మిగిలిన కరెంటు బయటికి వెళ్లాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి వీధి లైనులోని వోల్టేజి కన్నా కాస్త పైన ఉండాలి. ఎంత పైన అన్నది వైరు మందాన్ని, పొడవును బట్టి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 5 కిలోవాట్లంటే దాదాపు 22 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా 30 మీటర్లు, వేసింది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకుందాం. ఫేజు, న్యూట్రల్ కలిపి 60 మీటర్లు, నిరోధం 0.28 ఓం. అంటే మీ ఇంటి వైరులోనే 6 వోల్టులు పెరుగుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరైతే రెండున్నర వోల్టులకు మించదు. ప్యానెళ్ల మీద ధారాళంగా ఖర్చుపెట్టి ఈ వైరు దగ్గర పొదుపు చేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఎక్కడ పెరుగుతోందో తెలుసుకోవడం కష్టం కాదు. ఎండ బాగా ఉన్నప్పుడు, ఇంట్లో వాడకం తక్కువగా ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్ చేత ఒకే సమయంలో రెండు చోట్ల వోల్టేజి చూపించండి: ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర ఒకటి, మీటరు దగ్గర ఒకటి. ఇక్కడ 254, అక్కడ 246 వస్తే లోపం మీ వైరింగులో ఉంది. లెక్కకు రావలసిన తేడా కన్నా చాలా ఎక్కువ వస్తే ఎక్కడో జాయింటు వదులైందని అర్థం. ముందుగా న్యూట్రల్ స్క్రూలు చూడమనండి. వదులు జాయింటు వోల్టేజిని చెడగొట్టడంతో ఆగదు, వేడెక్కి కాలుతుంది కూడా. రెండు చోట్లా 250 పైనే ఉంటే సోలార్ బ్రేకరు ఆపి మళ్లీ చూడండి. అప్పటికీ 248 దగ్గరే ఉందంటే విషయం మీ చేతిలో లేదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంది.

చాలా వీధి ట్రాన్స్‌ఫార్మర్లలో వోల్టేజిని రెండున్నర శాతం చొప్పున పెంచే, తగ్గించే ట్యాపులుంటాయి. సాయంత్రం లైను చివరి ఇంటికి వోల్టేజి పడిపోకూడదని ఆ ట్యాపును పై మెట్టున పెట్టి వదిలేస్తారు. కరెంటు ఒకే దిక్కున పారిన రోజుల్లో అది సరైన పనే. ఇప్పుడు మధ్యాహ్నం అదే ఇబ్బంది. ఒక మెట్టు దింపితే దాదాపు 6 వోల్టులు తగ్గుతాయి, కానీ సాయంత్రం చివరి ఇంట్లో ఎంత వస్తుందో కొలవకుండా దింపకూడదు. అందుకే ఫిర్యాదులో 'వోల్టేజి ఎక్కువ' అని రాసి ఊరుకోకుండా వారం రోజుల గంటగంట రీడింగులు జతచేయండి. చాలా ఇన్వర్టర్ల యాప్‌లో అవి దొరుకుతాయి. వీధిలో సోలార్లన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయేమో చూడమని కూడా అడగండి. రెండు ఇళ్లను వేరే ఫేజుకు మారిస్తే తీరిపోయే సందర్భాలుంటాయి.

ఇన్వర్టర్ సెట్టింగులదీ పాత్ర ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయే బదులు మెల్లగా తగ్గే పద్ధతి కొత్త ప్రమాణాల్లో వచ్చింది. ఆస్ట్రేలియా 2020 ప్రమాణం ప్రకారం అక్కడి ప్రధాన గ్రిడ్లలో 253 వోల్టుల దగ్గర తగ్గడం మొదలై 260 దగ్గర ఐదో వంతుకు చేరుతుంది. మొత్తం పోగొట్టుకోవడం కన్నా కొంత పోగొట్టుకోవడం నయం కదా! అమర్చేటప్పుడు తప్పు దేశం కోడ్ (ఏ దేశపు గ్రిడ్ నియమాలు పాటించాలో చెప్పే సెట్టింగు) ఎంచుకుంటే ఈ సౌకర్యం పనిచేయకపోవచ్చు, అదీ చూడమనండి.

ప్రశ్న: మేము 6 కిలోవాట్లు అడిగితే, లైనులో చోటు లేదు, ఒకటిన్నర కిలోవాట్లే పెట్టుకోమన్నారు. ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం మాట తర్వాత, ముందు ఆ ఒకటిన్నర దేనికో అడగండి. ప్యానెళ్లకా, బయటికి పంపే కరెంటుకా? లైనును ఇబ్బంది పెట్టేది రెండోదే. ఇంట్లోనే వాడుకునేదానికి లైనుతో పని లేదు. 6 కిలోవాట్లు బిగించి, ఎగుమతిని ఒకటిన్నర దగ్గర కట్టేయడానికి మీటరు దగ్గర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ క్లాంపు (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) సరిపోతుంది. దాని మీది బాణం గుర్తు ఇన్వర్టర్ మాన్యువల్ చెప్పిన దిక్కునే ఉండాలి. తిరగబడితే బయటికి పోయేదాన్ని లోపలికి వచ్చినట్టు చదివి, తగ్గించాల్సిన చోట ఇన్వర్టర్ పెంచుకుంటూ పోతుంది. బిగించాక హీటరు ఒకసారి వేసి ఆపి, అంకె సరైన వైపు కదులుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇక న్యాయం సంగతి. ఏడాదికి ఒకే అంకె పెట్టడమంటే, ఎండ ఎక్కువగా ఉండి వాడకం అతి తక్కువగా ఉన్న ఆ కొద్ది గంటల కోసం మిగతా గంటలన్నీ లైనును ఖాళీగా ఉంచడమే. మా దృష్టిలో ఇది బద్ధకపు నియమం. దక్షిణ ఆస్ట్రేలియాలో దీనికి బదులు రెండు దారులిచ్చారు: ఎప్పటికీ ఒకటిన్నర కిలోవాట్లు, లేదా లైనులో ఉన్న చోటును బట్టి మారుతూ 10 దాకా. రెండోదానికి ఇన్వర్టర్ ఇంటర్నెట్‌లో ఉండాలి. సంబంధం తెగితే పరిమితి మళ్లీ ఒకటిన్నరకు పడిపోతుంది. కాబట్టి వైఫై అందని మూల ఇన్వర్టర్ బిగిస్తే ఆ సదుపాయం పేరుకే.

ప్రశ్న: నెట్ మీటరింగ్ తీసేస్తే సోలార్ గిట్టుబాటు కాదా?

జవాబు: నెట్ మీటరింగులో మధ్యాహ్నం ఇచ్చిన యూనిట్‌కు సాయంత్రం తీసుకున్న యూనిట్ చెల్లు. మొదట్లో జనాన్ని రప్పించడానికి అది పనికొచ్చింది. సోలార్ పెరిగిన చోట ఆ రెండు యూనిట్ల విలువ ఒకటి కాదు. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్ నుంచి కొత్తవారికి ఎగుమతి రేటును గంటను బట్టి లెక్కగడుతోంది. అలాంటి చోట పెద్ద సైజు కన్నా వాడే వేళ ముఖ్యం. వాటర్ హీటర్‌కు, పంపుకు టైమరు పెట్టి పగటికి మార్చండి. బ్యాటరీ ఉంటే తెల్లారగానే నింపకండి. తొమ్మిదింటికే నిండిన బ్యాటరీ మధ్యాహ్నపు వోల్టేజికి ఏమీ చేయలేదు. ఛార్జింగును పదిన్నర తర్వాత, నెమ్మదిగా మొదలయ్యేట్టు పెట్టండి.

ప్రశ్న: కరెంటు పోతే ఎండలోనే సోలార్ ఎందుకు ఆగుతుంది?

జవాబు: లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం. రెండు సెకన్లలోపు విడిపోవాలన్నది సాధారణ నిబంధన. లైను తిరిగొచ్చాక ఒకటి నుంచి ఐదు నిమిషాలు చూసి గానీ కలవదు. కరెంటు లేనప్పుడూ నడవాలంటే సోలార్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ, లైనును పూర్తిగా విడదీసే చేంజ్‌ఓవర్, వేరే బ్యాకప్ బోర్డు కావాలి. ఆ బోర్డు మీద పంపు పెట్టకండి. 750 వాట్ల మోటారు నడిచేటప్పుడు దాదాపు 5 ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఇవ్వగలిగింది 13 ఆంపియర్లే.

ప్రశ్న: ఇన్వర్టర్‌లో ఫ్రీక్వెన్సీ సెట్టింగును ముట్టుకోవద్దంటారెందుకు?

జవాబు: జర్మనీలో ఒకప్పుడు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (మామూలుగా సెకనుకు 50 ఆవృత్తులు, అంటే 50 హెర్ట్‌జ్) 50.2 హెర్ట్‌జ్‌కు చేరగానే ఇంటి సోలార్లన్నీ ఆగిపోవాలని నియమం ఉండేది. సోలార్ కొద్దిగా ఉన్నప్పుడు ఫరవాలేదు. వేల మెగావాట్లయ్యాక, అన్నీ ఒక్క క్షణంలో ఆగితే గ్రిడ్డే కూలే ప్రమాదం వచ్చింది, ఎందుకంటే ఉన్నట్టుండి తగ్గిన కరెంటును వెంటనే పూడ్చడానికి ఐరోపా గ్రిడ్ ఉంచుకునే తక్షణ నిల్వ 3,000 మెగావాట్లే. 2012లో 10 కిలోవాట్లు దాటిన పాత సోలార్ల సెట్టింగులను మార్చాలని ఆదేశం ఇచ్చారు. కొత్త నియమంలో 50.2 దాటాక ప్రతి 0.1 హెర్ట్‌జ్‌కు 4 శాతం చొప్పున తగ్గుతాయి. మీ ఒక్క ఇన్వర్టర్ వల్ల గ్రిడ్ కూలదు. కానీ తరచూ ఆగుతోందని ఆ హద్దులు మార్చమని అడిగితే, మొదటి ప్రశ్నలో చెప్పిన వోల్టేజి కారణం అలాగే ఉండిపోతుంది, పైగా అనుమతి రద్దయ్యే అవకాశమూ ఉంది.