ఒకే గోళీలు ఇద్దరూ మింగారు, కామెర్లు మా పిన్నికే వచ్చాయి

ఒకే మందు వాడినా కొందరికే లివర్ ఎందుకు దెబ్బతింటుంది, తాగుడు అలవాటున్నవాళ్లకేనా అని అడిగారు. తాగుడు ఒక కారణమే, కానీ దాని మీదే అంతా నెట్టేస్తే అసలు సంగతి మరుగున పడిపోతుంది.

మా బాబాయికి టీబీ వచ్చింది, ఆయన నుంచి పిన్నికి అంటుకుంది. ఇద్దరికీ అవే నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. బాబాయి పండక్కీ పబ్బానికీ బ్రాందీ పుచ్చుకునే మనిషి. ఆయనకి ఏమీ కాలేదు. జన్మలో చుక్క ముట్టని పిన్నికి కామెర్లొచ్చాయి.

డాక్టర్లు చెప్పే మొదటి కారణం పుట్టుకతో వచ్చేది. ఐసోనియాజిడ్‌ను విరగ్గొట్టే ఎంజైము ఒకటి లివర్లో ఉంటుంది. అది కొందరిలో చురుగ్గా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. మన దేశంలో నెమ్మది రకం వాళ్లే ఎక్కువ. వాళ్లలో మందు వేరే దారి పట్టి హైడ్రజీన్ అనే విషంగా మారడం పెరుగుతుంది. వయసు, హెపటైటిస్ బి, సి లాంటివి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

కానీ నన్నడిగితే మన ఇళ్లలో జన్యువుల కన్నా కంచమే పెద్ద కారణం. పిన్ని శనివారాలు ఒంటిపూట, కార్తీకమంతా ఉపవాసాలు. మిగతా రోజుల్లోనూ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె భోజనం. విషాన్ని విరిచే గ్లుటాథయోన్ లివర్లో తయారవ్వాలంటే ఒంట్లో మాంసకృత్తులు ఉండాలి. జ్వరం గోళీ పారాసిటమాల్‌తోనూ ఇదే గొడవ. బాగా తినే పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాముల దాకా పరిమితి అంటారు. బక్కగా ఉండి తిండి మానేసినవాళ్లకి అంత ఇవ్వకూడదు.

రిఫాంపిసిన్ వాడితే మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది మామూలేనని ముందే చెప్పడంతో ఆ రంగుని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తాలింపు వాసనకే పిన్నికి వాంతి. "వేడి చేసిందిలే అమ్మా, మజ్జిగ తాగితే తగ్గిపోతుంది" అంది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు చీకటి వంటింట్లో కూర్చుని ఉంది. బయటికి తీసుకొచ్చి ఎండ వెలుతురులో కింది రెప్ప లాగి చూస్తే తెల్లగుడ్డు పసుపు నీళ్లలా ఉంది. ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేయించాం. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ ఎన్నో రెట్లు పెరిగింది. డాక్టరు అప్పటికప్పుడు గోళీలు ఆపించారు. వాంతులు, కామెర్లు ఉంటే అది మామూలు గరిష్ఠానికి 3 రెట్లు దాటగానే, ఏ లక్షణం లేకపోయినా 5 రెట్లు దాటితే ఆపేయాలట.

ఇక చుట్టాలు మొదలుపెట్టారు. ఒకరు పసరు పోయిస్తామన్నారు. ఇంకొకరు పత్యమన్నారు: గుడ్డు వద్దు, పప్పు వద్దు, చప్పిడి కూడు పెట్టండి అని. తిండి లేకే చిక్కిన మనిషికి ఉన్న కాస్త తిండీ మాన్పించడమేమిటి? ఆకుపసరు కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్లకి ఒక మాట. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ పాడైనవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లోనే రాశారు.

ప్రభుత్వం 2018 నుంచి టీబీ రోగులకి తిండి కోసం నెలకి 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. మంచిదే. కానీ ఆ డబ్బుతో కొన్న గుడ్డు ఇంటి ఆడమనిషి కంచంలో పడిందో లేదో అడిగేవాళ్లేరీ? మొదటి రెండు నెలలూ "అన్నం సయిస్తోందా?" అని అడిగినా చాలు, సగం ప్రమాదం ముందే తెలిసిపోతుంది.

పిన్ని లివర్ కుదుటపడ్డాక మందులు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. వీటన్నిటిలో లివర్ మీద ఎక్కువ దెబ్బ కొట్టే పైరజినమైడ్‌ని పూర్తిగా మానేసి కోర్సు 9 నెలలకి పొడిగించారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఉంటే గోళీలు మీ అంతట మీరు మానేసి ఊరుకోకండి, టీబీ మొండికేస్తుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష ఎల్‌ఎఫ్‌టీ చేయించండి.