టీటీ ఇంజెక్షన్ తర్వాత చెయ్యి లేవడం లేదు, పరిహారం వస్తుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు నెలల క్రితం రేకు గీసుకుంటే టీటీ వేయించుకున్నా. ఆ రాత్రి నుంచే ఎడమ భుజం నొప్పి, జడ కూడా వేసుకోలేకపోతున్నా. రోజూ మెడికల్ షాపు నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తున్నా. అమెరికాలో దీనికి డబ్బిస్తారట, మనకూ ఇస్తారా?
- ఓ పాఠకురాలు, బరంపురం (పుట్టిల్లు కవిటి)

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ బిళ్లలు ఆపండి. షుగర్ ఉండగా నాలుగు నెలలుగా రోజూ నొప్పి బిళ్లలు వేసుకుంటే కిడ్నీలకు ఎంత ప్రమాదమో ఉద్దానం ఆడపడుచుకు నేను చెప్పాలా? కవిటి, సోంపేట వైపు డయాలసిస్‌కు తిరిగేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఉద్దానంలోని ఆ కిడ్నీ జబ్బు బిళ్లల వల్లే వస్తోందని నేననడం లేదు, దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ ఆ ప్రాంతం మనిషి, పైగా షుగర్ ఉన్న మనిషి, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోకూడదు. రేపే కిడ్నీల పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చేయించండి.

ఇక భుజం. సూది భుజం ఎముక అంచుకు రెండు మూడు వేళ్ల కింద, కండలో పడాలి. మరీ పైన పడితే మందు కీలు దగ్గరి సంచిలోకి వెళ్లి వాపు తెస్తుంది. అయితే షుగర్ ఉన్నవాళ్లకు సూది పడకపోయినా భుజం బిగుసుకుపోతుంది, అందుకే చెయ్యి చూడకుండా ఇది సూది వల్లేనని నేను రాయలేను. ఎక్స్‌రేలో ఈ వాపు తెలియదు, అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో కావాలి. ఈ వారమే ఎముకల డాక్టరుకు చూపించండి, నాలుగు నెలలు ఊరుకోవడమే ఎక్కువ. కీలులో స్టెరాయిడ్ వేస్తామంటే షుగర్ ఉందని చెప్పండి, కొన్నాళ్లు పెరుగుతుంది. నడిచినప్పుడు ఎడమ చెయ్యి లాగి చెమటలు పడితే మాత్రం అది గుండె నొప్పి కావచ్చు, ఆగకుండా ఈసీజీకి వెళ్లండి.

అమెరికా మాట నిజమే. టీకా నష్టాలకు అక్కడ 1988 నుంచి ప్రత్యేక నిధి ఉంది, భుజం గాయాన్ని 2017లో జాబితాలో చేర్చారు. నొప్పి 48 గంటల్లో మొదలై, ఆరు నెలలు దాటి ఉండాలి. మన దగ్గర అలాంటి నిధి లేదు. డబ్బు కట్టి ప్రైవేటులో వేయించుకుని ఉంటే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, కానీ పొరపాటు జరిగిందని మీరే నిరూపించాలి. అందరికీ ఉచితంగా చూసే సర్కారీ ఆసుపత్రిలో అయితే ఆ దారి సాధారణంగా ఉండదు. వకీలును అడగండి, నేను డాక్టరును మాత్రమే. ఆయన అడిగేదీ సూది వేసిన తేదీ, చీటీ, స్కాన్ రిపోర్టులే, బిళ్లలు మింగుతూ ఇంట్లో కూర్చుంటే అవేవీ మీ చేతిలో ఉండవు.